ఈత గది కిటికీలు

చిట్టి ఈదుతుంటే తల్లి కళ్లు నీళ్ల మీద ఉండవు, పిల్ల గొంతు మీదే ఉంటాయి. ఈత గదిలో ఘాటు వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. చిట్టి గట్టు పట్టుకుని దగ్గింది. ఇంకా దగ్గింది. ఛాతీ బలపడుతుందని ఈత నేర్పించమన్నది డాక్టరే, ఈ దగ్గు తగ్గకపోతే మాన్పించెయ్యమన్నదీ ఆ డాక్టరే. మాన్పిస్తానంటే చిట్టి అన్నం ముట్టదు.

ఆమె ఇక ఉండబట్టలేక, నీళ్లలో మందు కలిపే అతని దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఆ క్లోరిన్ కాస్త తగ్గించవా? పిల్లకు ఊపిరాడట్లేదు."

అతను గాజు గొట్టంలో నీళ్ల రంగు చూస్తూనే అన్నాడు. "తగ్గిస్తే లేనిపోని రోగాలొస్తాయమ్మా. ఈ కంపు క్లోరిన్ ఎక్కువై కాదు. పిల్లలు ఒళ్లు కడుక్కోకుండా దిగుతున్నారు. చెమటా, చెప్పకూడనిదీ నీళ్లలో కలిసి, క్లోరిన్ వాటితో చేరితే ఈ ఘాటు పుడుతుంది. నీళ్ల మీదే తారాడుతుంది. గాలి ఆడాలి."

"మరి కిటికీలు తెరవచ్చుగా?"

"మూయించిందెవరు? జలుబు చేస్తుందని మీ ఆడాళ్లంతా నా మీద పడలేదూ? అందరికంటే ముందు నిలబడింది మీరేగా!"

ఆమె విసవిసా నడిచి దగ్గరున్న కిటికీ గడియ లాగింది. చల్లగాలి రివ్వున కొట్టింది.

"మూయవే!" కొడుకుని ఈతకు తెచ్చిన ఆడపడుచు గట్టు మీంచి అరిచింది. "మావాడు వణికిపోతున్నాడు."

"తువ్వాలు కప్పండి వదినా. రేపట్నుంచి ముందు షవర్ కింద నిలబెట్టి తీసుకురండి."

"ఎలాగూ నీళ్లలోకే దిగేవాడికి మళ్లీ స్నానమేంటి, పెళ్లిచూపులకా?"

"మీవాడు నీళ్ల మధ్యలో కదలకుండా నిలబడి నవ్వుతుంటాడే, ఆ నవ్వేంటో అందరికీ తెలుసు!"

"పదో తరగతి గట్టెక్కనిదానివి, నీళ్ల సంగతి నువ్వు చెప్పాలా నాకు?"

ఆ మాట సూటిగా తగిలింది. మందు కలిపే అతను చెప్పిందంతా అప్పజెబుదామని నోరు తెరిచింది. చెమట, క్లోరిన్, కంపు... ఏది దేనితో కలిసి ఏమవుతుందో నాలుక మీద చిక్కుపడిపోయింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇంకా లోకువ. కిటికీకి వీపు ఆనించి నిలబడింది.

"మూయాలంటే ముందు నన్ను జరపండి."

ఆడపడుచు మూతి తిప్పుకుంది, కానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఎదుటి గోడ కిటికీ మూసే ఉంది. ఈ ఒక్కదానితో ఆ వాసన ఏం పోతుంది? అటు వెళితే ఇది మూసేస్తారు.

"అన్నా, ఆ కిటికీ నువ్వైనా తెరవ్వా!"

"ముందు మీరంతా ఒక మాట మీదికి రండమ్మా," అంటూ అతను మందు డబ్బా మూత బిగించాడు.

నీళ్లలో చిట్టి దగ్గుతూనే చెయ్యి ఊపింది.