రేపటికి ఎక్కించిన దారం

నిన్నే దారం ఎక్కించిన సూదిని గుడ్డదిండులోంచి తీసి, కుట్టు పిన్ని కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. ఏ రోజు పని ముగిసినా, మర్నాటికి సూదిలో దారం ఎక్కించాకే కొట్టు కట్టేస్తుంది. పొద్దున్నే బెజ్జంతో తగువు పెట్టుకుంటే రోజంతా తగువేనంటుంది.

బూడిదరంగు స్వెట్‌షర్టుకు మిగిలిన రెండు పూరేకులూ కుట్టి, బట్టను బిగించిన ఫ్రేము విప్పింది. చెయ్యి ఆగిపోయింది. ఛాతీమీద పసుపు దారంతో కుట్టిన 'పెళ్లికూతురి చెల్లెలు' ముడతలు పడి దగ్గరికి గుంజుకుపోయింది. సాగే బట్టను లాగి బిగించకూడదు, ఆనీఆననట్టు పట్టాలి. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకూ మొదటిరోజు తను చెప్పే మాటే అది.

మధ్యాహ్నం పెళ్లికూతురు వచ్చింది. ఊరినుంచి చెల్లెలు దిగేది ఆ సాయంత్రమే. దిగగానే చేతికివ్వాలని ఆమె ఆశ.

"బాగానే ఉంది పిన్నీ. వేసుకుంటే అదే సర్దుకుంటుంది."

"సర్దుకుపోవడం మనుషుల పనమ్మా. బట్ట సర్దుకోదు. విప్పి మళ్లీ కుడతా, ఐదింటికి రా."

"పనిలో పనిగా మా చెల్లి నోరు కూడా కుట్టరాదూ? పెళ్లిలో నా పరువు దక్కుతుంది."

"దానికి సూది చాలదు. దబ్బనం కావాలి."

నవ్వుకుంటూ వెళ్లిపోయింది పిల్ల. పిన్ని బట్టను తిరగేసి, లోపలివైపు నుంచి ఒక్కో పోగే బ్లేడుతో తెంపింది. ఎడమచెయ్యి మొద్దుబారుతోంది. రెండుసార్లు విదిలించి మళ్లీ పట్టుకుంది.

నలభై ఏళ్లలో వధూవరుల పేర్లు ఎన్ని రుమాళ్లమీద, ఎన్ని దిండుగలీబులమీద కుట్టిందో. చెల్లెలి కోసమంటూ ఎవరైనా రావడం ఇదే మొదలు. తన అక్క పెళ్లిరోజు తను వెనకగదిలో చుట్టాల బట్టలకు అంచులు కుడుతూ ఉండిపోయింది. ఒక్క ఫొటోలోనూ లేదు. అక్క తనకోసం వెతికిందా? తను అడగకముందే అక్క పోయింది. వెనకగదిలో ఉన్నవాళ్లను దేవుడైనా చూస్తాడా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అలా అనుకోవడం తప్పేమోనని వెంటనే దణ్ణం పెట్టుకుంటుంది.

అడుగున మందపాటి గుడ్డ వేసి, ఈసారి వదులుగా బిగించింది. అక్షరం తర్వాత అక్షరం. మధ్యలో ఆయాసం వస్తే ఆగింది, తగ్గగానే సాగించింది. చివరి ముడి వేసి ఫ్రేము విప్పింది. ఎక్కడా ముడత లేదు. తిరగేసి చూసింది. వెనకవైపు కూడా ఒక్క పోగూ వేలాడడం లేదు.

ఐదింటికి పెళ్లికూతురు వచ్చేసరికి స్వెట్‌షర్టు అక్షరాలు పైకి కనిపించేలా మడిచి బల్లమీద ఉంది. పిన్ని గోడకు తల ఆన్చి కూర్చుంది. కళ్లద్దాలు ఒళ్లో ఉన్నాయి.

"పిన్నీ," అని పిలిచింది పిల్ల. మళ్లీ పిలిచింది. చల్లబడ్డ చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా పక్కనున్న పీటమీద కూలబడింది. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

బల్లమీద గుడ్డదిండులో గుచ్చి ఉంది సూది. అందులో కొత్తగా ఎక్కించిన నీలం దారం, కొసన ముడి కూడా వేసి ఉంది.