ఆట లేని నెలల్లో

కోడి రెక్కలు మూడో వాయి నూనెలో వేగుతున్నాయి. హాల్లోంచి మా ఆయన డ్వేన్ కేకేశాడు. "రెన్! సెలెరీ ముక్కలు అయిపోయాయ్!"

అయిపోయాయని చెబుతాడు, అంతే. తెమ్మని అనడు. పదహారేళ్ళుగా మా ఇంట్లో వస్తువులు అలా అయిపోతూనే ఉన్నాయి, వాటంతట అవే మళ్ళీ వచ్చి కూర్చుంటూనే ఉన్నాయి. నేను పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, సెలెరీ కాడలు తరగడం మొదలుపెట్టాను.

అది మార్చిలో ఒక ఆదివారం. మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పదిహేడు ఆటల్లో పదమూడు ఓడిపోయి జనవరిలోనే ఇంటికొచ్చేసింది. మళ్ళీ సెప్టెంబరు దాకా ఆట లేదు. సరస్సు ఒడ్డునున్న మా ఊళ్ళో మాత్రం ఆట లేని ఈ నెలల్లోనే ఆట గురించి ఎక్కువ మాట్లాడతారు. మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, చివరికి అంత్యక్రియల్లో కూడా. ఆ ఏడాది ఊరంతటికీ ఒకటే తగవు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మెర్సర్‌కి ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, అతన్నే ఉంచుకోవాలా? పంపించేసి, ఏప్రిల్‌లో జట్లన్నీ వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్టులో కాలేజీ నుంచి కొత్తవాణ్ణి తెచ్చుకోవాలా? మా హాల్లో ఆ తగవు తీర్చడానికి ముగ్గురు కూర్చున్నారు. మా ఆయన, ఆయన తమ్ముడు కర్ట్, ఇంట్లో అందరం పాప్ అని పిలిచే మా మామగారు.

"మెర్సర్ పని అయిపోయింది. కాళ్ళే లేవు వాడికి. నిలబడ్డచోటే నిలబడి గుద్దించుకుంటాడు," అంటున్నాడు కర్ట్.

"నీకున్నాయా కాళ్ళు? ఫ్రిజ్ దాకా వెళ్ళొస్తేనే రొప్పుతావు," అన్నారు పాప్.

డ్వేన్ గొంతు సవరించుకున్నాడు. "అసలు మీరిద్దరూ గురువారం రేడియోలో హార్గ్రోవ్ చెప్పింది విన్నారా? మెర్సర్ పోయినేడు యాభై ఎనిమిది సార్లు పడ్డాడు. అందులో ముప్పై ఒకటి ఎడమ పక్క నుంచే. నవంబరులో టోబిన్ మోకాలు పోయింది చూడు, అప్పట్నుంచీ ఆ పక్క కాపలా లేదు. బంతి చేతికొచ్చాక రెండున్నర సెకన్లు కూడా నిలబడనివ్వకపోతే ఎవడైనా పడతాడు. దేవుణ్ణి తెచ్చి నిలబెట్టినా పడతాడు. కాబట్టి మనకి కావలసింది క్వార్టర్‌బ్యాక్ కాదు, ఎడమ పక్క కాపలాకి ఒక మనిషి. ఏం బుర్రరా హార్గ్రోవ్‌ది!"

కత్తి పలక మీద పెట్టేశాను. హార్గ్రోవ్ రేడియోలో చదివిన ఆ కాగితం బుధవారం పొద్దున ఐదు గంటలకి, తువ్వాళ్ళు మడతపెడుతూ నేను రాసింది. 'దేవుణ్ణి తెచ్చి నిలబెట్టినా' అన్న మాటతో సహా. అంతకు రెండు వారాల ముందు ఇదే సంగతి ఇదే మనిషికి భోజనాల బల్ల దగ్గర చెప్పబోతే, టోబిన్ పేరు కూడా పూర్తి చెయ్యనివ్వకుండా, "అది సరే గానీ, చీజ్ అయిపోయింది," అన్నాడు.

ఊళ్ళో ఉన్న స్పోర్ట్స్ రేడియోలో నేను పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా హార్గ్రోవ్ కార్యక్రమం. అద్దానికి అవతల అతను, ఇవతల నేను. ఫోన్లు ఎత్తి, పేరూ ఊరూ అడిగి, తాగి ఉన్నవాళ్ళనీ బూతులు తిట్టేవాళ్ళనీ ఏరేసి, మిగిలినవాళ్ళ ప్రశ్న అతని తెర మీద టైపు చేసి పంపుతాను. కాగితాలు రాయడం నా ఉద్యోగంలో లేదు. మొదటేడు ఒక లారీ డ్రైవరు అడిగినదానికి హార్గ్రోవ్ నీళ్ళు నమిలాడు. నాకు జాలేసి ఇంటికెళ్ళి ఆ ఆట రికార్డింగు చూసి, సమాధానం ఒక చీటీ మీద రాసిచ్చాను. మర్నాడు దాన్ని తన మాటగా చదివాడు. వారం తిరక్కుండా, "రెనాటా, ఇవాళ్టి చీటీ ఏది?" అన్నాడు. అప్పట్నుంచీ నా పొద్దుటిపూటలన్నీ వాటికే పోయాయి. ఇంట్లోవాళ్ళు లేచేలోపు ఉతికిన బట్టలు ముందేసుకుని, ఒక్కో ఆటనూ ఆపి ఆపి, వెనక్కి తిప్పి చూస్తాను. ఎవరు ఎవర్ని ఎలా అడ్డుకున్నారో, ఎవరి భుజం ఎప్పుడు జారిందో. మొదట్లో పనిగా ఉండేది. తర్వాత రోజు మొత్తంలో నాదంటూ మిగిలింది ఆ గంటన్నరే అయింది. అందుకే కాబోలు, ఆ మాటలు ఎవరి నోట్లోంచి వస్తున్నాయని అడగకుండా అన్నేళ్ళు ఊరుకున్నాను.

సెలెరీ పళ్ళెం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. "ఆ కాగితం నేను రాసిందే," అన్నాను.

ముగ్గురూ నా వంక చూశారు. ముందు కర్ట్ నవ్వాడు, తర్వాత డ్వేన్.

"అవునవును," అన్నాడు డ్వేన్. "ఆ చేత్తోనే ఇంకో పది రెక్కలు రాసి పట్టుకురా."

పాప్‌కి దగ్గొచ్చేంత నవ్వొచ్చింది. "ఉండనీరా పాపం. మీ అమ్మ నయం. యాభై ఏళ్ళు ఈ ఆట నడిచే ఇంట్లోనే ఉంది, ఒక్కనాడూ నోరు తెరవలేదు."

మా అత్తగారు ఆర్లీన్ రెండేళ్ళ కిందట పోయింది. పెళ్ళయిన కొత్తలో నాకామె చెప్పిన మొదటి పాఠం, మగాళ్ళు ఆట గురించి మాట్లాడుకునేటప్పుడు పళ్ళేలు ఖాళీగా కనపడకూడదని. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఆమెకు ఉప్పులేని సూపు తాగిస్తుంటే ఒకసారి అంది, "నేను ఒక్క ఆటా పూర్తిగా చూడలేదే రెనాటా. వంటింట్లోంచి వాళ్ళ అరుపుల్ని బట్టి స్కోరు చెప్పేసేదాన్ని. ఎప్పుడూ తప్పు పోలేదు." గొప్పగానే చెప్పింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆమె నిలబడ్డ పొయ్యి దగ్గరే నిలబడి, వెనక ఆ నవ్వులు వింటుంటే, ఆ మాటకి నవ్విన నా నోటి మీద నాకే రోత పుట్టింది. నాలుగో వాయి వేశాను. ఏం చెయ్యను, నూనె కాగి ఉంది.

నెలాఖరున హార్గ్రోవ్ ఐదు రోజులు సెలవు పెట్టి ఫ్లోరిడాకి చేపలు పట్టడానికి వెళ్తున్నాడని తెలిసింది. డ్రాఫ్టుకి ముందు వారాలు, ఊరంతా రేడియో పెట్టుకుని కూర్చునే రోజులు. రెండు రోజులు నాలో నేనే సాధన చేసుకుని, మూడో రోజు మేనేజరు గ్లెన్ గదిలోకి వెళ్ళాను.

"ఈ ఐదు రోజులూ నేను చేస్తానండీ," అన్నాను.

గ్లెన్ చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు. "నీకు ఆట తెలుసు రెనాటా, కాదనను. కానీ మనల్ని వినేదెవరు? పని దిగి ట్రక్కుల్లో ఇంటికెళ్ళే మగాళ్ళు. ఇంటికెళ్ళాక ఎలాగూ ఆడగొంతు వినక తప్పదు. దార్లో కూడా ఎందుకు చెప్పు?" తన హాస్యానికి తనే నవ్వుకుని, నా మొహం చూసి సర్దుకున్నాడు. "అభిమానులకి పోటీ పెడుతున్నాం. రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి పంపమంటాం, బాగా మాట్లాడినవాణ్ణి కూర్చోబెడతాం. నువ్వు పక్కనుండి ఆ వచ్చినవాడికి కాస్త కాగితాలు రాసిపెట్టు. నువ్వుంటే నాకు దిగుల్లేదు."

పోటీకి రెండొందల పైచిలుకు వచ్చాయి. శుక్రవారం గ్లెన్ నా బల్ల దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "గెలిచింది మీ ఆయనేనటగా! చెప్పనేలేదేం? భలే గొంతు! ఆ ఎడమ పక్క కాపలా సంగతి ఎంత విడమరిచి చెప్పాడు! వింటావా?"

విన్నాను. 'దేవుణ్ణి తెచ్చి నిలబెట్టినా' దగ్గర డ్వేన్ కాస్త ఆగి, గొంతు తగ్గించి, హార్గ్రోవ్ కంటే బాగానే చెప్పాడు.

శనివారం పొద్దున అతను కాఫీ కప్పుతో వంటింట్లోకి వచ్చి, నేను బల్ల తుడుస్తుంటే మోచెయ్యి మాత్రం ఎత్తి, "రెన్, ఐదు రోజులకి ఐదు కాగితాలు. హార్గ్రోవ్‌కి రాసిస్తావు చూడు, అలాంటివే. సోమవారానిది కాస్త గట్టిగా ఉండాలి," అన్నాడు.

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "నేనే రాస్తానని నీకు తెలుసా?"

"తెలీకేం. పొద్దున్నే లేచి టీవీ ముందు కూర్చుంటావుగా."

"మరి ఆ రోజు నేను రాశానంటే నవ్వావెందుకు?"

"అబ్బా, జోకు కూడా అర్థం కాకపోతే ఎలా? నాన్న ముందు మరేమనమంటావు? నా పెళ్ళాం చెబితే నేను నేర్చుకున్నాననా?"

ఇంతకాలం నాకొక ఊరట ఉండేది. అతనికి తెలియదు, తెలిస్తే అలా అనడు అని. మనిషితో కాపురం చెయ్యడానికి అలాంటివి కొన్ని కావాలి, మనమే తయారుచేసుకుని దాచుకుంటాం. అన్నేళ్ళు దాచుకున్నదాన్ని అతను కాఫీ తాగుతూ, నాకు చెప్పకూడని సంగతి చెబుతున్నానన్న ధ్యాసైనా లేకుండా తీసి బయట పెట్టేశాడు. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. రెండు చేతులూ పడిపోయేంత అలసట వచ్చింది. పదకొండేళ్ళ పొద్దుటిపూటలన్నీ ఒక్కసారే వచ్చి భుజాల మీద కూర్చున్నట్టు.

"రాయను డ్వేన్. నాకు ఓపిక లేదు."

"ఒంట్లో బాగోలేదా? సరే, రేపు రాద్దువులే," అన్నాడు, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి.

ఆదివారం పొద్దున ఐదింటికి మెలకువ వచ్చింది. లేవలేదు. కిటికీ తెల్లబడేదాకా అలాగే పడుకున్నాను. ఎన్నేళ్ళయిందో అలా పడుకుని.

సోమవారం కారులో అడిగాడు, "కాగితం ఏది?"

"రాయలేదు. చెప్పానుగా."

"తమాషా చేస్తున్నావా? ఊరంతా వింటారు. నాన్న మనుషుల్ని పోగేసి మరీ వింటాడు. నా పరువు తియ్యాలనా?"

"నీకు ఆట తెలుసుగా. మాట్లాడు."

మొదటి గంట బాగానే గడిచింది. మెర్సర్ కాళ్ళ మీద నాలుగు జోకులు, పోయినేడు మంచులో కూర్చుని చూసిన ఆట కథ, కర్ట్ ఫోను చేస్తే అతనితో కాసేపు తగవు. రెండో గంటలో తడబాటు మొదలైంది. చెప్పిన మాటే తిప్పి తిప్పి చెప్తున్నాడు. అప్పుడు విల్మా అనే ఆవిడ ఫోను చేసింది. నదికి అవతలి పేట, డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిడ ప్రశ్న టైపు చేసి ఫోను లోపలికి కలిపాను.

"టోబిన్ బదులు ఆడాడు చూడు బాబూ, వాడి పేరేదో ఉంది. ప్రతిసారీ వాడి పక్క నుంచే ఎలా దూరిపోయారంటావు? వాడేమో ఏనుగంత ఉన్నాడు."

"అదేనమ్మా నేననేది, మెర్సర్‌కి కాళ్ళు లేవు..."

"మెర్సర్ సంగతి నేనడగలేదుగా."

డ్వేన్ అద్దంలోంచి నా వైపు చూశాడు. చూపుడువేలితో గాల్లో రాసి చూపించాడు. నాకు జవాబు తెలుసు. పది మాటలు టైపు చేస్తే చాలు, గట్టెక్కిపోతాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఐదు సెకన్లు రేడియోలో ఏమీ వినపడలేదు. రేడియోలో ఐదు సెకన్లంటే చాలాసేపు. "ఒక చిన్న విరామం," అన్నాడు డ్వేన్, చెమట తుడుచుకుంటూ.

ప్రకటనలు మొదలయ్యాయి. విల్మా లైను ఇంకా వెలుగుతోంది. పెట్టెయ్యమని చెప్పడానికి ఎత్తాను. "థాంక్సండీ, మీ కాల్ అయిపోయింది."

"ఎక్కడయింది? జవాబు రాలేదుగా అమ్మాయ్."

నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "ఎడమ పాదమండీ. బంతి కదలకముందే వాడి ఎడమ పాదం బొటనవేలంత వెనక్కి జరుగుతుంది. మెర్సర్ విసరబోతున్నాడని ఎదుటివాడికి అక్కడే తెలిసిపోతుంది. వాడు కొత్తవాడేం కాదు, మూడేళ్ళుగా అంతే. ఎవరూ సరిచెయ్యలేదు."

అవతల ఆవిడ తొడ చరుచుకున్న చప్పుడు వినిపించింది. "అదీ! పాదమే! ఏదో కదులుతోందని నాకూ కనిపించింది, ఏమిటో చెప్పడం రాలేదు. మా ఆయనతో అంటే, నీ మొహం, అడ్డు లెమ్మన్నాడు. పోయాడులే, పోయిన వేసవిలో. ఇప్పుడు టీవీకి ఎదురుగా ఆయన కుర్చీలో కూర్చునే చూస్తున్నా. ఇంతకీ నువ్వెవరమ్మా?"

"ఇక్కడ ఫోన్లు ఎత్తుతానండీ."

"పని కాదు, పేరు."

"రెనాటా."

"రెనాటా, నువ్వయితే ఏప్రిల్లో ముందు ఎవర్ని తీసుకుంటావు?"

ప్రకటనలు అయిపోయాయి. మళ్ళీ ప్రసారం మొదలైందని అద్దం అవతల ఎర్రదీపం వెలిగింది. నా ముందు ఆరు లైన్లు మిణుకుమంటున్నాయి. డ్వేన్ తెర మీద ఒక్క పేరూ లేదు. రెండు చేతులూ ఎత్తి ఏమిటన్నట్టు ఊపుతున్నాడు. గ్లెన్ తన గది తలుపు తెరుచుకుని గబగబా ఇటే వస్తున్నాడు. పదకొండేళ్ళలో ఆ స్టేషన్లో గానీ, పదహారేళ్ళలో ఆ ఇంట్లో గానీ, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాను.

"చెప్తానండీ," అన్నాను. "కాస్త టైం పడుతుంది. ఫర్వాలేదా?"

"నాకేం పనుంది తల్లీ," అందావిడ. "నిదానంగా చెప్పు."