ఎనిమిదో నెల పిల్ల

పోలీసు యాక్షన్ అయిన ఏడో ఏడు, పుష్య మాసంలో, చెన్నూరు సాలోళ్ళ వాడలో సిద్దిరాములు ఇంట ఆడపిల్ల పుట్టింది. నెల ముందే పుట్టింది. సోమవారం పొద్దున్నే నర్మదకు నొప్పులు మొదలైతే, తల్లిగారింటికి పంపే వ్యవధి కూడా లేకపోయింది. మంత్రసాని దేవవ్వ బొడ్డు కోసి, పిల్లను అరచేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. పిల్ల ఏడవలేదు. పిల్లి కూనలా సన్నగా ఒక కూత పెట్టి ఊరుకుంది.

"ఏడో నెలల పుట్టినా బతుకుతది గని ఎనిమిదో నెల పిల్ల నిలవది," అంది దేవవ్వ శంకరవ్వతో మెల్లగా. శంకరవ్వ సిద్దిరాములు తల్లి. ఎంత మెల్లగా అన్నా మంచంలో ఉన్న నర్మదకు వినపడింది.

"నాకు సూపియ్యకున్రి," అని నర్మద గోడ వైపు తిరిగి పడుకుంది.

అంతకుముందు ఆమెకు ఇద్దరు పుట్టి పోయారు. మొదటివాడు మూడు రోజులున్నాడు. రెండోది తొమ్మిది రోజులు ఉండి, పాలు తాగుతూ తాగుతూనే చల్లబడింది. ఆ పిల్ల నోరు తన రొమ్ము మీద ఆగిపోవడం నర్మదకు ఇంకా ఒంటికి తెలుస్తూనే ఉంది. మూడోసారి అలా ఒక పిల్లను పట్టుకుని కూర్చోడానికి ఆమెలో బలం లేదు.

ముందరి అర్రలో మగ్గం గుంటలో కూర్చున్న సిద్దిరాములు అన్నీ విన్నాడు. సగం నేసిన చీరను అలాగే వదిలి లేచాడు. పురిటి గది గడప దాటబోతుంటే తల్లి అడ్డం వచ్చింది.

"మైల కొడుకా! నువ్వు రావద్దు."

"మైలైతే కడుక్కుంట. పిల్ల పోతే ఏం జేస్త అవ్వా?"

అంగీ విప్పి, పిల్లను తన ఛాతీకి ఆనించుకుని, నేత గుడ్డతో నడుము నుంచి మెడ దాకా చుట్టుకున్నాడు. పైన తల్లి గొంగడి కప్పుకున్నాడు. పిల్ల గుండె తన పక్కటెముకల మీద కొట్టుకోవడం తెలిసింది. చేతిలో పట్టిన పిట్ట గుండె కొట్టుకున్నట్టు ఉంది.

మంగళవారం గోదారి మీది నుంచి గాలి లేచింది. గూనపెంకల సందుల్లోంచి ఇంట్లోకి దిగింది. కుండలోని నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు నొప్పి పుట్టాయి. పక్కింటి అక్బరీ బేగం కొంగు కింద పెద్ద దూది మూట పెట్టుకుని వచ్చింది. ఆమె భర్త ఫజలుద్దీన్ దూది ఏకి బొంతలు కుట్టేవాడు.

"తమ్మీ, గీ దూది పిల్ల చుట్టూ పెట్టు. కని ఒంటికి ఒళ్ళు ఆనుడే అసలు మందు. జర సేపు గూడ దించకు."

"మంచిర్యాల దవాఖానకు తీస్కపోదునా అక్కా?"

"బస్సుల తీస్కపోతవా? గీ గాలికి తొవ్వల్నే బరుఫ్ లెక్క గడ్డ కడ్తది బిడ్డ. ఇంట్లనే ఉండనియ్యి."

పాల సంగతి శంకరవ్వ చూసుకుంది. నర్మద గోడ వైపు తిరిగే, పాలు పిండి గిన్నె వెనక్కి చాపేది. ఆ పాలలో దూది వత్తి ముంచి శంకరవ్వ పిల్ల పెదాల మీద పిండేది. ఒక్కో బొట్టు మింగడానికి పిల్లకు చాలాసేపు పట్టేది. మింగిందని గొంతు కదిలితే తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

బుధవారం కాస్త ఎండ వచ్చింది. సిద్దిరాములు వాకిట్లో గోడకు వీపు ఆనించి, గొంగడి నిండా కప్పుకుని కూర్చున్నాడు. దారిన పోయే హనుమండ్లు ఆగి, "ఏందిరా సిద్దిరాములూ, నువ్వే కన్నవా ఏంది?" అని నవ్వి పోయాడు. శంకరవ్వ పొయ్యి మీద అనపకాయలు ఉడకేసింది. ఉప్పు వేసిన ఆ ఆవిరి వాసనకు సిద్దిరాములుకు రెండు రోజుల ఆకలి ఒక్కసారి గుర్తొచ్చింది. చేతులు రెండూ పిల్లకు కాపు ఉన్నాయి కాబట్టి తల్లి పక్కన కూర్చుని కాయలు ఒలిచి గింజలు నోట్లో పెట్టింది.

"నువ్వు గూడ తిను అవ్వా."

"నాకు పండ్లేవిరా? ఆవిరి పీలుస్త, అదే సాలు."

ఒక గింజ జారి గొంగడిలో పడింది. తల్లి దాని కోసం వెతుకుతుంటే చక్కిలిగింత పుట్టి సిద్దిరాములు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ ఎండా, ఆ వేడి గింజలూ, పొట్ట మీద వెచ్చటి బరువూ కలిసి, కాసేపు అన్నీ బాగానే ఉన్నాయనిపించింది.

లోపలి నుంచి నర్మద గొంతు వచ్చింది. "నవ్వకున్రి. మొదటి పిల్లగాన్ని గూడ ఎండల పట్టుకోని గిట్లనే నవ్విన."

శంకరవ్వ ఒలిచిన గింజను మళ్ళీ గిన్నెలో వేసింది.

గురువారం తెల్లవారేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. వత్తి పెడితే పాలు పక్కకు కారిపోయాయి. సిద్దిరాములు అరికాళ్ళు రుద్దాడు, వీపు రుద్దాడు, మొహం మీద ఊదాడు. "అవ్వా, ఊపిరి లేదే!" అని అరిచాడు. శంకరవ్వ నేల మీద కూలబడి, "ఓ మార్కండేయా" అని తల కొట్టుకుంది. కాసేపటికి పిల్ల ఒకసారి ఊపిరి ఎగదీసింది. ఆగింది. మళ్ళీ ఎగదీసింది. సిద్దిరాములు పిల్లను ఛాతీకి అదుముకుని అక్కడే కూర్చుండిపోయాడు. గోడ వైపు పడుకున్న నర్మద కదలలేదు. చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఉంది.

అదే రోజు అక్బరీ బేగంకు దగ్గు పట్టుకుంది. పిల్లకు అంటుతుందని ఆమె వాకిలి అవతలే నిలబడి, వేడి నిప్పుల కుంపటి గడపలో పెట్టి పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం సిద్దిరాములుకు చలిజ్వరం వచ్చింది. ముందు వేళ్ళు కొంకర్లు పోయాయి. తర్వాత పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతుంటే ఛాతీ మీద పిల్ల కూడా ఎగిరిపడింది. ముడి విప్పి తల్లికి ఇచ్చాడు. శంకరవ్వ పిల్లను రొమ్ముకు అదుముకుంది. కాసేపటికే భయపడింది.

"నా ఒంట్ల యేడి యాడున్నది కొడుకా? ఎండిన కట్టెను. పోరి కాళ్ళు సల్లవడుతున్నయి."

సిద్దిరాములు పిల్లను తీసుకుని, గోడ పట్టుకుని నర్మద మంచం దాకా నడిచాడు.

"నర్మదా, నా తోని అయితలేదు. తీస్కో."

"వద్దు."

"ఒక్క రాత్రికి. నాకు జరం దిగేదాంక."

"నా చేతులల్ల ఇద్దరు సల్లవడ్డరు," అంది నర్మద. "నీకేం తెలుసు? నువ్వు బొందల పెట్టి అచ్చినవ్. నేను పట్టుకొని కూసున్న. ఇది గూడ నా మీదనే పోవాల్నా?"

అతన్ని చలి మళ్ళీ ఊపింది. పడిపోతూ పడిపోతూ పిల్లను మంచం మీద, ఆమె వీపు పక్కన పెట్టి తాను నేల మీద ఒరిగిపోయాడు. శంకరవ్వ కొడుకు మీద బొంత లాగుతూ ఏడ్చింది. కోడలిని పల్లెత్తు మాట అనలేదు.

వీపు వెనక ఏ చప్పుడూ లేదు. నర్మద ఊపిరి బిగపట్టి వింది. ఏడుపు వస్తే భరించలేనని ఐదు రోజులుగా భయపడింది. ఇప్పుడు ఏడుపు రాకపోవడం భరించలేకపోయింది. తిరిగింది. మొదటిసారి చూసింది. ముడతలు పడిన నుదురు, వెంట్రుక అంత సన్నటి కనుబొమలు. కింది పెదవి అచ్చం అత్తది.

రవిక ముడి తెంపినట్టు లాగి పిల్లను చర్మానికి అదుముకుంది. ఆ చల్లదనం తగలగానే ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"పోతే పో! పోయేదుంటే ఇప్పుడే పో! లేకుంటే ఉండు! రోజుకింత సంపకే నన్ను!"

అని తిడుతూనే వీపు రుద్దింది. నోరు రొమ్ముకు ఆనిస్తే పిల్ల పట్టలేదు. పాలు పిండి నాలుక మీద వేసింది. దీపాలు పెట్టే వేళకు పిల్ల నోరు ఒకసారి కదిలింది. రెండుసార్లు లాగింది. నర్మద బిగుసుకుపోయింది, మళ్ళీ ఆగిపోతుందేమోనని. ఆగింది. శంకరవ్వ దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"అలిసిపోయింది బిడ్డా. పోలేదు. సూడు, ముక్కు కదులుతుంది."

శని, ఆది వారాలు నర్మద పిల్లను దించలేదు, తాను కూడా పడుకోలేదు. కళ్ళు మూతలు పడితే ఉలిక్కిపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. సిద్దిరాములుకు జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చింది. శంకరవ్వ కొడుక్కి కషాయం, కోడలికి జొన్నగటుక చేస్తూ పొయ్యికీ వాళ్ళిద్దరికీ మధ్య తిరిగింది. మగ్గం మీది చీర అలాగే దుమ్ము పట్టింది.

ఎనిమిదో రోజు దేవవ్వ వచ్చింది. గాలి తగ్గలేదు. పిల్లను ఎత్తి చేతిలో బరువు చూసి, తిరిగి నర్మద ఒళ్ళో పెట్టింది.

"బతుకుతదా?" అని అడిగింది నర్మద.

"నేనట్ల అనకుండ ఉండాల్సింది ఆనాడు," అంది దేవవ్వ. "నాకెట్ల తెలుస్తది బిడ్డా? ఇయ్యాలైతే ఉన్నది."

ఆ పిల్ల బతికింది. కానీ అది తెలియడానికి ఆ ఇంటికి ఎండాకాలం రావలసి వచ్చింది. ఆ రోజు నర్మదకు తెలిసింది దేవవ్వ చెప్పినంతే. ఆమె పిల్లను కొంగులో దాచుకుని, గోడ పట్టుకుని లేచి, నేల మీద మూలుగుతున్న మొగని పక్కన వచ్చి కూర్చుంది. అతను కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి పిల్ల పాదం పట్టుకున్నాడు. జ్వరంతో కాలుతున్న ఆ చేతిని నర్మద తీయలేదు.

"గట్లనే పట్టుకో," అంది. "కాళ్ళు ఇంకా సల్లగనే ఉన్నయి."