నేను పూడ్చిన వంక

నేను టెంకాయ పట్టి బోరుకు తావు చూపిస్తాను. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేనంతా నడవాలి. నీళ్లుండే చోట అది లేచి నిలబడతాది. పెద్దమండ్యం చుట్టుపక్కల నేను చూపించిన బోర్లు చానా ఉండాయి. కొన్నిట్లో నీళ్లు పడినాయి. పడనివాళ్లు నన్నేమీ అనలేదు. వాళ్ల రాత అనుకున్నారు.

మొన్న అంజమ్మ పిలిపించింది. ఆమె చేను నా చేనికి దిగువన. మొగుడు పోయినాక టమాటా పెట్టుకొని ఒకతే నెట్టుకొస్తాండాది. ఇప్పుడు బోరు గాలి కక్కుతాండాది. కొత్త బోరు కోసం ఉండే రెండావుల్నీ అమ్మేసింది. శుక్రవారం బోరు బండి రావాల.

"ఆదెప్పన్నా, ఇది తప్పితే ఇంకో బోరు వేసే శక్తి నాకు లేదు. బాగా సూడు" అనింది.

ఆమె కూతురు మమత మదనపల్లెలో బట్టలషాపులో పని చేస్తాది. ఆ పొద్దు ఇంట్లోనే ఉండాది. "మామా, ఆ టెంకాయతో చెట్నీ చేసుకుంటే ఇడ్లీలోకన్నా పనికొస్తాది" అనింది.

"నోరు మూసుకో మే" అని అంజమ్మ కసిరింది.

నేను నడస్తాంటే మమత వెనకాలే వచ్చింది. గట్టు అవతల కుంట ఎండి, కంప మొలిచి ఉండాది.

"నేను స్కూలుకు పోయేటప్పుడు వానొస్తే ఈ కుంట నిండేది కదా మామా. పోయినేడు వానలు బాగానే పడినాయి. నీళ్లు యాల రాలేదు?"

నేను టెంకాయ మీదే చూపు పెట్టి నడిచినాను. మాటలు తక్కువోడినని ఊరందరికీ తెలుసు. ఆ పేరు నాకు బాగా పనికొచ్చింది.

కుంటకు నీళ్లు తెచ్చే వంక నా పైమడిలోనుంచి పోయేది. మూడేండ్ల కింద జేసీబీ పెట్టి దాన్ని పూడ్చి చదును చేసినాను. మామిడిచెట్ల అవతల కాబట్టి దిగువకు కనపడదు. నాలుగు సాళ్లు టమాటా ఎక్కువొచ్చింది. వాన నీళ్లు రోడ్డు కాలవలో పడి పోయినాయి. కుంటలో నిలిచిన నీళ్లే ఇంకి ఆమె బోరుకు పోయేవని, నీళ్లు చూసేవాణ్ణి, నాకు తెలీదా?

వేపచెట్టు దగ్గర టెంకాయ లేచింది.

అంజమ్మ దండం పెట్టుకునింది. పసుపు కుంకుమ కొంగున కట్టుకొచ్చి ఉండాది. గుర్తుకు రాయి తెచ్చి, పెట్టబోతా వంగింది. టెంకాయను లేపేది నీళ్లో, నా చెయ్యో, నలభై ఏండ్లుగా నాకు తెలీదు. ఆ పొద్దు మాత్రం చెయ్యే. తొందరగా ఇంటికి పోవాలనుకునే చెయ్యి.

"రాయి పెట్టద్దమ్మా. ఈడ కింద నీళ్లు లేవు. పైన నేను వంక పూడ్చేసినాను."

ఆమె మెల్లగా లేచి నిలబడింది. తరవాత రాయి పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకునింది.

"మూడేండ్లు నా పక్కన నిలబడి వాన మోడం చూసినావే అన్నా. ఈ యేడన్నా కుంట నిండుతాదిలే అని నువ్వే అంటివే."

మమత నవ్వలేదు. ఫోను తీసి బోరు బండోళ్లకు రావద్దని చెప్పింది.

మర్నాడు తెల్లారినాక పార ఎత్తుకొని పైమడికి పోయినాను. పిందె మీదుండే నాలుగు సాళ్లూ పీకి గట్టు మీద వేసినాను. వంక మళ్లీ తవ్వేది ఒక దినంలో అయ్యే పని కాదు. మధ్యాన్నం అంజమ్మ గంప తీసుకొని వచ్చింది. నీళ్లిస్తే తాగలేదు. నేను తవ్విన మన్ను ఎత్తి అవతల పోస్తా ఉండాది.

పొద్దు వాలేటప్పటికి పడమట మోడం పట్టింది. ఆమె తలెత్తి చూసింది. నేను చూడలేదు. తవ్వుతానే ఉండాను.