చేతిలో పోగు

“ధ్యాస ఏడ పెట్టి అతికినవే?” అని మగ్గం గుంటలోంచి మా ఆయన అడిగేసరికి నేను గంజి కలుపుతున్నాను. మూరెడు నేసిన బట్ట కింద అరచెయ్యి పెట్టి చూపించాడు. నాలుగు చోట్ల రెండేసి పోగులు ఒక్కటిగా పడి, పక్క సందుల్లోంచి ఆయన చెయ్యి కనిపిస్తోంది. దేశాల మధ్య లడాయి వచ్చినప్పటి నుంచి సిద్దిపేటలో నూలు దొరకడమే గగనం. ఆ మూరెడూ దండగ.

మగ్గం మీది పాత పడుగు, అంటే నిలువు పోగుల చివర్లకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పురిపెట్టి కలిపేది నేను. వేళ్ళకు బూడిద రాసుకుని, రెండు వేల పైచిలుకు పోగులు. నేశాక వాటిని మా ఆయన పేరుతో రాజనర్సు చీరలంటారు. అననీ, నాకు మాత్రం ఈ ఇంట్లో ఇష్టమైన పని అదొక్కటే. ఇంకోసారి తప్పితే అతుకు పని పక్కింటి ఎల్లవ్వకు ఇస్తానని, నన్ను పొయ్యి దగ్గరే ఉండమని తేల్చేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. తమ కాలంలో ఒక్క పోగు తప్పేది కాదని అత్త బాలవ్వ రాట్నం తిప్పుతూనే ఆజ్యం పోసింది.

ఆయన బయటికి పోయాక వంగి చూశాను. నేను కుడి అంచు నుంచి ఎడమకు అతుక్కుంటూ పోతాను. మొదటి సందు జానెడు దూరంలో ఉంది. సరిగ్గా అక్కడున్నప్పుడే ఆయన నీళ్ళడిగాడు. రెండోది, చుట్టకు నిప్పు. మూడోది, అత్త మోకాళ్ళకు నూనె. నాలుగోది రాయపోల్ నుంచి వచ్చిన ఆయన మేనమామకు అన్నం. నా ధ్యాస ఎక్కడికీ పోలేదు, వీళ్ళే తలా ఇంత పట్టుకుపోయారు.

పుట్టింట, బెజ్జంకిలో మా అవ్వ అనేది: “చేతుల ఏ పోగుంటె గదే చూడు బిడ్డా. మనసు ఉరుకుతది, ఉరకనీ. మల్ల తోలుకొచ్చుకో.” మనసేమన్నా మేకనా అని అప్పట్లో నవ్వేదాన్ని. ఇప్పుడు గిన్నె తోముతూ గిన్నెనే చూద్దామనుకుంటే, మనసు ఎల్లవ్వ ఇంటికి ఉరికేది. తోలుకొచ్చేదాన్ని. మళ్ళీ ఉరికేది. కొన్ని రోజులు తోలుకురావడమే మరిచిపోయేదాన్ని. ఒక పొద్దున గటక తింటుంటే జొన్నల తీపి నాలుకకు తెలిసి ఏడుపొచ్చింది. ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్ళుగా నిలబడే మింగుతున్నాను మరి.

కొత్త పడుగు వచ్చింది. మూడు జానల దాకా అతికాను. ఆయన గడప మీద కూర్చుని నీళ్ళు తెమ్మన్నాడు. నేను లేద్దామనుకోకముందే నా మోకాళ్ళు లేచాయి. అవి లేవడం అన్నేళ్ళలో మొదటిసారి చూశాను. మళ్ళీ కూర్చున్నాను.

“పోగు చేతుల ఉంది,” అన్నాను. “కడవ గాడనే ఉంది, ముంచుకో.”

రాట్నం ఆగింది. ఆయన నన్ను కాదు, తల్లిని చూశాడు. ఎల్లవ్వ పేరు ఇప్పుడొస్తుందనుకున్నాను.

“ముంచుకో కొడుకా,” అన్నది అత్త. “మీ బాపు పిలిచినప్పుడల్ల నేను లేసిన. నా పోగులు గూడ తప్పినయి.”

కడవలో చెంబు మునిగిన చప్పుడైంది. ఆయన మొహం ఎట్లా ఉందో చూద్దామని మనసు ఉరికింది. తోలుకొచ్చుకుని, తర్వాతి పోగు అందుకున్నాను.