ఎడమ సీటు కింద

నేను ఒక సాయం బ్యాటరీని. మైల్డ్ హైబ్రిడ్ కారులో, ముందు ఎడమ సీటు కింద, టిఫిన్ క్యారియర్ పట్టేంత చోట ఉంటాను. నా ఒక్కడి బలంతో కారు అంగుళం కదలదు. బండి నెమ్మదించేటప్పుడు చక్రాల ఊపు ఇంజను పక్కనున్న చిన్న మోటారును తిప్పుతుంది. అందులో పుట్టే కరెంటే నాకు తిండి. బండి మళ్ళీ వేగమందుకునేటప్పుడు ఆ తిన్నది తిరిగి ఇచ్చేస్తాను. ఆ మేరకు పెట్రోలు మిగులుతుంది. ఒక్కటే షరతు, బండి గేరులో ఉండాలి. గేరు తీస్తే చక్రాలకూ నాకూ చుట్టరికం తెగిపోతుంది.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ఒక లెక్చరర్. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తానే ఆగేది, ఆయన క్లచ్ తొక్కగానే నేను లేపేవాణ్ణి. వెనకవాళ్ళు బండి చెడిపోయిందనుకుంటారని ఆయనకు సిగ్గు. మీట నొక్కి ఆ ఏర్పాటే ఆపేశాడు. ఆదా కోసం కొన్న కారు ఆదా చేస్తుంటే పరువు పోయిందనుకున్న మనిషి. మూడేళ్ళకు అమ్మేశాడు.

కొన్నవాడు గవరయ్య. ముప్పై ఏళ్ళు లారీ తోలి, పాడేరులో టిఫిన్ హోటల్ పెట్టుకున్నాడు. వారానికోసారి సరుకుల కోసం ఘాట్ దిగి చోడవరం వెళ్ళేవాడు. భార్య నూకరత్నం నా మీది సీట్లో కూర్చునేది. ఆమె ముఖం నాకు తెలియదు. బరువు తెలుసు. భయమేస్తే ఆ బరువు ముందుకు జరిగేది.

ప్రతి వారమూ జరిగేది ఇదే. ఘాట్ మొదట్లోనే గవరయ్య గేరు తీసేసి, తాళం తిప్పి ఇంజను ఆపేసేవాడు. లారీ నాటి అలవాటు.

"గేర్లో దించు మావా. నీకు దణ్ణం పెడతాను."

"నీకేటి తెల్సే. దిగుడులో పెట్రోలు తగలెయ్యడం ఎందుకు? కొండే తోసుకెళ్తాది."

"కొండ తోస్తాది. ఆపేదెవరు మరి? నువ్వా, సింహాద్రి అప్పన్న సామా?"

చోడవరం మెకానిక్ ఈశ్వర్రావు కూడా చెప్పాడు. "గవరయ్య బాబూ, సీటు కింద బ్యాటరీ ఆకలితో చస్తాంది. గేర్లో దించితే దానికి తిండి, నీకు ఆదా. ఇంజను ఆపితే నాలుగు తొక్కులకి బ్రేకు బిగిసిపోద్ది."

"బ్యాటరీకి కూడు పెట్టడానికి కొన్నానేటి కారు? ముప్పై ఏళ్ళలో ఒక్క గీత పడనేదు."

పెట్రోలు ఆదా చేయడానికే పుట్టిన నన్ను పెట్రోలు ఆదా కోసం పస్తు పెట్టాడు. కొండంత తిండి ప్రతి వారమూ నా పక్కనుంచే జారిపోయేది.

ఆషాఢంలో ఒక పొద్దున, వాన తెరిపి ఇచ్చింది. ఇంజను ఆగి ఉంది. మలుపులో గేదెలు. గవరయ్య బ్రేకు తొక్కాడు, వదిలాడు, తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. గేదెలు తప్పుకున్నాయి. ఆ తర్వాతి తొక్కుకు బ్రేకు రాయిలా ఉంది, కిందికి దిగలేదు. స్టీరింగ్ కూడా బిగుసుకుంది. ఇంజను లేపడానికి ఒక చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. మలుపు రెండు చేతులూ అడిగింది.

"మావా," అంది నూకరత్నం. అరవలేదు.

బండి గేరులో ఉంటే ఇంజను పట్టి ఉంచేది. దానితో పాటు నేనూ, నా చేతనైనంత. అప్పుడు మాత్రం ఊరికే పడి ఉన్నాను. కారు ఎడమ పక్క కొండరాయికి కొట్టుకుంది. నా మీది బరువు ముందుకు జరిగింది. మళ్ళీ వెనక్కి రాలేదు.

ఇప్పుడు కారుతో పాటే చోడవరంలో తుక్కు దుకాణం వెనక ఉన్నాను. మోటారు ఎవరో విప్పుకుపోయారు. నన్ను ఇంకా విప్పలేదు.

నిన్న గవరయ్య వచ్చాడు. కుంటుతున్నాడు. నలిగిన తలుపు తెరుచుకోకపోతే కుడివైపు నుంచి పాక్కుంటూ వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆమెకంటే బరువు మనిషి. తర్వాత చెయ్యి చాచి గేరును రెండులో వేశాడు.

ఈ కారుకు ఇప్పుడు చక్రాలు లేవు.