ఈదమ్మ మజ్జిగ, ఎస్తేరు గంటె

నాకు కడుపునొప్పి లేదు, విరేచనాలు లేవు. రాయి తిన్నా అరిగించుకునే ఒళ్ళు నాది. అయినా పిల్లలను మంచాన పడేసింది నేనేనట!

ఆత్మకూరు దగ్గర మా ఊరి బడిలో మధ్యాహ్నం వంట చేసేది నేను. ఈ ఎండాకాలం పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నర్సు మాలతి వచ్చి వంట చేసేదాన్నని నాకు మల పరీక్ష చేయించింది.

"నువ్వు మంచిగనే ఉన్నవు ఎస్తేరమ్మా, గని నీ కడుపుల విరేచనాల క్రిమి ఉన్నది. చేతులకెళ్లి వేరేటోళ్లకు పోతది. గోలీలు మింగు. మళ్ల పరీక్షల ఏం లేదని వచ్చినంక వంటకు రా," అంది.

సరే అన్నాను. ఆ మాటలో తప్పేముంది?

తప్పంతా హన్మంతు నోట్లో ఉంది. బడి కమిటీకి ఆయనే పెద్ద. నన్ను తన ఇంటి అరుగు ముందుకు పిలిపించి, మాలతి ముందే, ఊరందరి ముందే అరిచాడు.

"గోలీలు లేవు, ఏం లేవు. ఈమె ఇగ పొయ్యికాడికే రావద్దు. గీళ్ల చేతి కూడు వద్దని నేను ఎప్పుడో చెప్పిన."

గీళ్లట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన పిల్లలు నా వంట ఏనాడూ ముట్టలేదు. ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుంటారు. వాళ్ళకూ విరేచనాలయ్యాయి. ఎండాకాలం బడికి మజ్జిగ వచ్చేది మాత్రం ఆయన ఇంటి నుంచే. ఆయన తల్లి ఈదమ్మ పుణ్యమని కుండలో చెయ్యి పెట్టి కలిపి పంపుతుంది. పిల్లలందరూ తాగుతారు. నేనూ తాగుతాను.

"పటేలా, మీ పిల్లలు నా వంట తింటరా?" అని అడిగాను.

"థూ! ఎందుకు తింటరు?"

"మరి వాళ్లకెట్ల వచ్చె? మజ్జిగ కలిపేటోళ్లకు గూడ పరీక్ష చెయ్యమను."

"మా అమ్మనంటవా?" అంటూ మీదికొచ్చాడు. నేను కదల్లేదు.

అరుగు మీద కూర్చున్న ఈదమ్మ లేచింది. "ఏందిరా ఆ లొల్లి? నర్సమ్మా, నాకు గూడ చెయ్యి పరీక్ష. ఆమెకు లేని సిగ్గు నాకెందుకు?"

అవ్వకూ ఏ నొప్పీ లేదు. కానీ పరీక్షలో అవ్వ కడుపులోనూ అదే క్రిమి ఉందని తేలింది! ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చలేమని మాలతి చెప్పింది.

ఈసారి పిలవకుండానే ఆ అరుగు ముందుకు వెళ్ళాను.

"పటేలా, నన్ను పొయ్యికాడికి రావద్దంటివి. అవ్వను గూడ వంటింట్లకెళ్లి ఎల్లగొడ్తవా? గోలీలిస్తవా?"

 హన్మంతు నేలకేసి చూస్తూ, "గోలీలిస్త," అన్నాడు.

"గట్లయితే నాకు గూడ గవే గోలీలు. నా పొయ్యి నాకే."

మళ్ళీ పరీక్ష చేస్తే ఇద్దరికీ ఏమీ లేదని వచ్చింది. నేను గంటె పట్టిన మొదటి రోజే హన్మంతు తనిఖీకి వచ్చాడు. పప్పు గిన్నె మీది మూత తీయబోయాడు. గంటె అడ్డం పెట్టాను.

"ఆగు పటేలా! సబ్బు ఆడున్నది. ముందు చేతులు కడుక్కో."

పిల్లలందరూ చూస్తుండగా కడుక్కున్నాడు.